పేజీ తిప్పకముందే చదివిన పిల్ల

ఇప్పటికీ మధ్యాహ్నం కునుకు పట్టే వేళ నాకు ఒక తరగతి గది వినిపిస్తుంది. కనిపించదు, వినిపిస్తుంది. నలభై గొంతులు ఒక్కసారిగా ఎత్తుకున్న వాక్యం, దాని వెనకాల పురానాపూల్ వంతెన కింద బర్రెలు నీళ్ళలోకి దిగుతున్న చప్పుడు, కప్పు మీద పావురాల గుటగుట. ఆ నలభై గొంతుల్లో ఒకటి మిగతావాటికంటే రవ్వంత ముందు నడుస్తుంది. అది సుందరి గొంతు. ఆ రవ్వంత గురించే నేనిది రాస్తున్నాను.

పాతబస్తీలో ఒక సర్కారు బడిలో తెలుగు టీచరుగా పనిచేశాను. అరవైల చివర్లో చేరి, ఎనభైలు ముగిసేదాకా ఆ నది ఒడ్డునే ఉండిపోయాను. ఇప్పుడు మా చర్చి సంఘంలోనే ముగ్గురు నలుగురు ఆడపిల్లలు తెలుగు టీచర్లయ్యారు. ఆదివారం ఆరాధన అయ్యాక నా చుట్టూ చేరి అడుగుతారు: "ఆంటీ, రెండేండ్లకొకపారి పరీక్షల పద్ధతి మారుస్తనే ఉంటరు. మీరెట్ల తట్టుకున్నరు?" తట్టుకున్నానని వాళ్ళకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఒకచోట విరిగాను. ఎక్కడ విరిగానో చెబితే వాళ్ళకు పనికొస్తుందేమో. ఎప్పుడు ఏ జీతపు స్కేలు వచ్చింది, ఎవరు నాకంటే ముందు పైకి వెళ్ళారు అన్న సంగతులు రాయను. వాటిని నేనే మరిచిపోయాను.

పాదం అందించడం

మా నాన్న చర్చిలో గంట కొట్టేవాడు, పాటలు ఎత్తేవాడు. మా సంఘంలో బస్సులు కడిగేవాళ్ళు, ఇటుకలు మోసేవాళ్ళు, మిల్లులో నూలు తీసేవాళ్ళు ఉండేవారు. చదువు వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందుకని నాన్న పాటలో ఒక్కొక్క పాదం చదివి అందించేవాడు. సంఘమంతా ఆ పాదాన్ని అందుకుని పాడేది. ఆ పాట గోడలు తాకి తిరిగి వచ్చేలోగా నాన్న ఇంకో పాదం అందించేవాడు. అక్షరం ముఖం చూడని అవ్వలకు కూడా అలా వంద పాటలు నోటికి వచ్చేవి. ప్రాణం పోయే వేళ కూడా వాళ్ళ పెదవుల మీద ఆ పాదాలే కదిలేవి. నేను ఆ సముద్రంలో పుట్టిన చేపను. వాక్యం చెవిలోంచి గుండెలోకి దిగుతుందని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

టీచరయ్యాక అదే పద్ధతి తరగతిలోకి తెచ్చాను. మా పిల్లల ఇళ్ళలో సగం తెలుగు, సగం ఉర్దూ. వాచకంలోని తెలుగు వాళ్ళకు ఎక్కడో దూరదేశపు మాటలా ఉండేది. నేను ఒక వాక్యం అందిస్తే తరగతి అందుకునేది. నాలుగు రోజుల్లో పాఠమంతా నోటికి వచ్చేసేది. ఆ దూరదేశపు మాట వాళ్ళ నాలుకల మీద మెత్తబడేది. వరండాకు అవతల ఉర్దూ మీడియం టీచర్లు పాఠం ఆపి వినేవారు. మా హెడ్మాస్టరు యూసుఫ్ సాబ్ ఎవరైనా అతిథి వస్తే నేరుగా నా గదికే తీసుకువచ్చేవారు. "సుగుణమ్మా, జర వినిపియ్యుండ్రి మా పిలగాండ్లను," అనేవారు, తన ఇంటి తోట చూపించినంత గర్వంగా.

ఆ పద్ధతికి నేను సిగ్గుపడను. దానితో ఏం చేశానో దానికే సిగ్గుపడతాను.

గళ్ళ కార్డులు

డెబ్బైల మొదట్లో కొత్త ఉత్తర్వు వచ్చింది. అంతకుముందు ఏడాది చివర ఒకే పరీక్ష, ఒకే మార్కు. ఇకనుంచి నెలనెలా యూనిట్ పరీక్ష పెట్టాలి. ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులిచ్చి, సరైనదానికి గుర్తు పెట్టించాలి. ఇవి కాక, ప్రతి పిల్లకూ ప్రతి భాషకూ ఒక కార్డు. చదవడం, మాట్లాడడం, చేతిరాత అని గళ్ళు. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, వాచకం చేతికిచ్చి, పది పంక్తులు చదివించి, ఏ నుంచి డి దాకా గ్రేడు వెయ్యాలి.

కాగితం మీద చదివితే ఎంతో బాగుంది. చెయ్యాల్సింది భాషా టీచర్లం. నాకు నాలుగు సెక్షన్లు, నాలుగు కార్డుల కట్టలు. మా హిందీ టీచరు విమలాబాయికి ఆరు. ఉత్తర్వు రాసినవాళ్ళు పిల్లలను లెక్కపెట్టారేమో గానీ గంటలను లెక్కపెట్టలేదు.

విమల నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. నోరు గట్టిది, గుండె మెత్తనిది. ఒకరోజు టీ తాగుతూ అంది: "అక్కా, కండ్లు మూస్తె గళ్ళే కనవడుతున్నయి. నిన్న అన్నం పళ్ళెంల గూడ గళ్ళు కనవడ్డయి."

"మరి ఏ గడిల ఏమేసినవ్?"

"పప్పుకు బీ. కూరకు డీ ఏసిన. కూర మా అత్త చేసింది."

నవ్వాం. అలా నవ్విన రోజునే ఆమె స్టాఫ్‌రూం తలుపు వెనక నిలబడి ఏడవడం కూడా చూశాను. ఆరు కట్టల కార్డుల్లో రెండు కట్టలు ఆమె పిల్లలను పిలవకుండానే నింపింది. నాకు తెలుసు. ఏమీ అనలేదు.

నేను మాత్రం పిలిచాను. ప్రతి కార్డు ముందు ఒక చిన్న ప్రార్థన చేసుకునేదాన్ని: ఈ బిడ్డను సరిగ్గా చూసే కళ్ళు ఇవ్వు ప్రభువా, అని. మొదటి వారం ఆ ప్రార్థన నిజమైనది. మూడో వారానికి పెదవులు ప్రార్థన చేస్తుంటే చెయ్యి గ్రేడు వేసేది, రెండింటికీ నాతో సంబంధం ఉండేది కాదు. అలసట అంటే ఒళ్ళు నొప్పులని అనుకుంటాం. నాకు తెలిసిన అలసట అది కాదు. ఎదురుగా బిడ్డ నిలబడి ఉంటుంది, మనం అక్కడ ఉండం.

బర్రె రెండు పూటలా ఇస్తుంది

యూనిట్ పరీక్షల గురించి ఒక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. ఒకసారి తొందరలో, రేపటికి పేపరు కావాలంటే, ఒక ప్రశ్న ఇలా రాశాను: పాలు ఎప్పుడు పితుకుతారు? ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. సరైన జవాబు ఉదయం అని రాసి పెట్టుకున్నాను. నది ఒడ్డున పాల వ్యాపారం చేసే మల్లేశ్ కొడుకు రెండింటికి గుర్తు పెట్టాడు. ఒక్కటే పెట్టాలి కాబట్టి సున్నా వేశాను.

మర్నాడు మల్లేశ్ పాలక్యాను పట్టుకుని తరగతి గుమ్మంలో నిలబడ్డాడు. "టీచరమ్మా, ఒక్క మాట. మా బర్రెలు పొద్దుగాల ఇస్తయి, పొద్దూకినంక ఇస్తయి. మీ కాయితంల బర్రె ఒక్కపూటనే ఇస్తదా?"

"ఒక్కటే రాయాల్నని రూలు మల్లేశన్నా."

"అయితె ఆ రూలు మా బర్రెకు గూడ చెప్పుండ్రి. సాయంత్రం పొదుగు సలిపి లొల్లి చేస్తది, మీరే వచ్చి నచ్చచెప్పాలె."

పిల్లలందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వి, ఆ పిల్లాడికి మార్కు వేశాను. నాలుగు జవాబుల ప్రశ్న చెడ్డదని నేను ఎప్పుడూ అనలేదు. మంచి ప్రశ్న అయితే రెండు నిమిషాల్లో పిల్ల మనసు తెలుస్తుంది. కానీ బర్రెను చూడకుండా బర్రె మీద ప్రశ్న రాయకూడదు. ఆ మాట అనుకున్నానే గానీ, కళ్ళెదుట ఉన్నదాన్ని చూడకపోవడమనే జబ్బు అప్పటికే నాకు బాగా పట్టేసిందని తెలుసుకోలేదు.

దసరా ముందు తనిఖీ

సుందరి మా సంఘం పిల్లే. తండ్రి యేసుదాసు బస్సు డిపోలో బస్సులు కడిగే పని చేసేవాడు. తల్లి ఇంటి దగ్గర పూలు కట్టేది. సుందరి అప్పుడు ఏడో తరగతి. ఆ ఏడాది చివర అన్ని బడులకూ కలిపి పెద్ద పరీక్ష ఉంటుంది. అది దాటితే హైస్కూలు. దాటకపోతే మా బస్తీలో ఆడపిల్లకు అగరుబత్తీలు చుట్టే పీట సిద్ధంగా ఉండేది. యేసుదాసు మరదలు ఇంట్లోనే ఆ పని నడిపేది. "బిడ్డ పాసయితె చదివిస్త, లేకుంటె బత్తీలకు పెడత," అని అతను ముందే చెప్పి పెట్టాడు. అయినా అతనికి బెంగ లేదు. సుందరి చదవడం సంఘమంతా విన్నది. పిల్లల ఆరాధనలో వాక్యం చదివేది ఆమే. కార్డులో ఆమెకు నేను వేసింది 'ఏ'.

దసరా సెలవుల ముందు ఇన్‌స్పెక్టరు వచ్చారు. నరసింహం గారు. సన్నగా, శుభ్రంగా, కోస్తా యాసలో మెల్లగా మాట్లాడే మనిషి. పిల్లల మీద కోప్పడేవారు కాదు. కార్డుల కట్టలోంచి ఒకటి తీశారు, సుందరిది వచ్చింది.

"ఏమ్మా, పడవ పాఠం తియ్యి. మొదటినుంచీ చదువు."

కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆ వెలుగులో సుద్దపొడి నెమ్మదిగా తేలుతోంది. సుందరి పుస్తకం రెండు చేతుల్లో పట్టుకుని చదవసాగింది. ఏమి గొంతు! నది, పడవ, పడవవాడి కేక, అన్నీ ఆ గదిలోకి వచ్చేశాయి. నాకు ఒంట్లో చిన్న వణుకు పుట్టింది, పాట మంచిగా అందుకున్నప్పుడు పుట్టే వణుకు. నరసింహం గారు కార్డు మీదికి వంగి గళ్ళు చూసుకుంటున్నారు. నేను సుందరి వైపే చూస్తున్నాను.

పేజీ చివరికి వచ్చింది. ఆగలేదు. తర్వాతి పేజీలోని మొదటి వాక్యం చెప్పింది. రెండో వాక్యం కూడా చెప్పింది. అప్పుడు గుర్తుకొచ్చినట్టు పేజీ తిప్పింది.

ఎండలో సుద్దపొడి తేలుతూనే ఉంది. పేజీ ఆలస్యంగా తిరగడం ఆ గదిలో చూసినదాన్ని నేనొక్కదాన్నే.

"భేష్," అన్నారు నరసింహం గారు. "ఏవండీ సుగుణమ్మగారూ, మీ పద్ధతి మిగతా బడుల వాళ్ళకి కూడా చూపించాలండీ. నేను పైకి రాస్తాను. ఒక రోజు అందరినీ ఇక్కడికి పిలుద్దాం."

"సరే సార్," అన్నాను.

నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయి. ఒక పిల్లను అన్యాయంగా కొట్టాను. ఒకరి పేపరు పోగొట్టి సగటు మార్కు వేశాను. కానీ వాటిలో ఏదీ ఆ "సరే సార్" అంత బరువు కాదు.

మూడు వారాలు

సెలవులు, ఆ తర్వాత ఇంకొక వారం. ఎవరికీ చెప్పలేదు. ఒక్క పిల్ల కదా అనుకున్నాను. కంఠస్థం వచ్చినంత మాత్రాన చదవడం రాదని ఎలా అనగలం అనుకున్నాను. మనసు మనకు ఎంతో మంచి వకీలు.

ఆదివారం ఆరాధనలో సుందరి మూడో వరుసలో పాటల పుస్తకం తెరిచి పాడుతోంది. పాట ఎక్కడో ఉంది, ఆమె పుస్తకం ఇంకెక్కడో తెరిచి ఉంది. ఆమె ముఖంలో మోసం లేదు. అంత ప్రశాంతమైన ముఖాన్ని నేను మళ్ళీ చూడలేదు. చదవడమంటే అదేనని ఆమె నిజంగా నమ్మింది. చేతిలో పుస్తకం, నోట్లో మాట. నమ్మించింది ఎవరు?

మర్నాడు భోజనాల వేళ ఆమెను పిలిచి, బజారులో చక్కెర కట్టి ఇచ్చిన పత్రిక ముక్క చేతికిచ్చాను.

"చదువు బిడ్డా."

చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు చూసి, నాకు సహాయం చేస్తున్నట్టు మెల్లగా అంది: "టీచర్, మీరు మొదటి మాట అందియ్యుండ్రి. తర్వాత నాకు వస్తది."

ఆ వారమంతా ఒక్కొక్కరినీ పిలిచి, వాచకం మధ్యలోంచి, పేజీ కిందినుంచి చదివించాను. అక్షరాలు కూడబలుక్కునేవాళ్ళు చాలామందే ఉన్నారు. అస్సలు రానివాళ్ళు, సుందరితో కలిపి, పదకొండు మంది. పదకొండు కార్డుల మీదా 'ఏ' అని ఉంది, కింద నా సంతకం ఉంది. అబద్ధ సాక్ష్యం పలకకూడదని పిల్లలకు నేర్పిన నా చెయ్యే ఆ సంతకం చేసింది.

హెడ్మాస్టరు గదిలో

యూసుఫ్ సాబ్ నేను చెప్పింది పూర్తిగా విన్నారు. టోపీ తీసి బల్ల మీద పెట్టారు. "సుగుణమ్మా, పాగల్ అయిన్రా ఏంది? మంచిగ నడుస్తున్న బండికి మీరే పుల్ల పెడతరా? ఇన్‌స్పెక్టర్ సాబ్ ఖుషీగున్నడు. పిల్లలు ఖుషీ. తల్లిదండ్రులు ఖుషీ. ఎవరికొచ్చింది తక్లీఫ్?"

"ఎండకాలంల పెద్ద పరీక్ష వస్తది సాబ్. అక్కడ మొదటి మాట ఎవరు అందిస్తరు?"

ఆయన టోపీ మళ్ళీ తలకు పెట్టుకున్నారు. "మీ కార్డులు తెరిస్తె అందరివి తెరుస్తరు. విమలను గూడ అడుగుతరు. సోంచాయించుండ్రి."

అది నిజం. విమలకు నేనే చెప్పాను.

"అక్కా, నువ్వు దేవుని ముంగట మంచిగ నిలబడుతవు. దానికి నన్ను ఇన్‌స్పెక్టర్ ముంగట నిలబెడతవా?"

ధర్మం కోసం తెగించేవాళ్ళు తెగింపు ఖర్చును పక్కవాళ్ళ మీద రాస్తుంటారని నాకు ఆ రోజు తెలిసింది. మా సంఘంలోనూ అలాంటివాళ్ళను చూశాను, అంతవరకు వాళ్ళను మెచ్చుకున్నాను కూడా.

చివరికి చెయ్యగలిగింది ఒక్కటే కనిపించింది. రెండు వారాలు ఆగాను. ఆ రెండు వారాలూ సాయంత్రాలు విమలతో కూర్చుని, ఆమె పిలవకుండా నింపిన రెండు కట్టల పిల్లలనూ పిలిపించాం. ఆమె హిందీ చదివించింది, నేను కార్డులు రాశాను. మొదటి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఒక పిల్లాడు పుస్తకం తలకిందులుగా పట్టుకుని గడగడా చదివేస్తుంటే ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "అక్కా, వీనికి ఏమెయ్యాలె? తల్లకిందుల 'ఏ' నా?" అంది. అప్పుడు మళ్ళీ నవ్వాం. ఆమె కార్డులు నిజమయ్యాక, నా పదకొండు కార్డులు పట్టుకుని నరసింహం గారి ఆఫీసుకు వెళ్ళాను.

ఆయన నన్ను మెచ్చుకుంటారని ఎక్కడో ఒక చిన్న ఆశ ఉండేది. మెచ్చుకోలేదు.

"నేను పైకి రాసేశానమ్మా. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను? మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదుగా."

"అందుకే చెప్పిన సార్."

మెమో ఇచ్చారు, సంజాయిషీ రాసిచ్చాను. ఆ మెమో నా సర్వీసు రిజిస్టరులో చివరిదాకా ఉంది. మిగతా బడులవాళ్ళు వచ్చి చూడడం రద్దయింది. నేను గుమ్మం దాటుతుంటే ఆయన వెనకనుంచి అడిగారు: "ఆ అమ్మాయి పేజీ ఎప్పుడు తిప్పింది?"

చెప్పాను.

"నేను కార్డు చూస్తున్నాను," అన్నారు, తనలో తాను అనుకున్నట్టు.

కార్డులో కోసిన కిటికీ

తప్పు ఒప్పుకుంటే పిల్లకు చదువు రాదు. పరీక్షకు అయిదు నెలలుంది.

పాడైన కార్డు ఒకటి తీసుకుని బ్లేడుతో మధ్యలో చిన్న కిటికీ కోశాను, ఒక్క మాట పట్టేంత. దాన్ని వాచకం మీద పెట్టి, పాఠం చివరి మాటనుంచి వెనక్కి చదివించాను. అలా చదివితే చెవి సహాయం చెయ్యలేదు. కన్ను ఒక్కటే పని చెయ్యాలి.

"టీచర్, గిట్ల ఉల్టా చదివితె ఏం అర్థమైతది?" అంది సుందరి.

"ఏం అర్థం కావద్దు. అక్షరం కనవడాలె."

ఆమెకది నరకంలా ఉండేది. పాఠమంతా గుండెలో ఉన్న పిల్ల, కిటికీలో ఒక్క మాట దగ్గర నిలబడిపోయేది. మిగతా పదిమందీ గొణుగుతూనే నేర్చుకుంటున్నారు. సుందరి మాత్రం రెండు వారాల తర్వాత బడికి రావడం మానేసింది.

వాళ్ళ ఇంటికి వెళ్ళాను. పురానాపూల్ దగ్గర ఒక గల్లీ. గుమ్మంలో తల్లి మల్లెలు కడుతోంది. యేసుదాసు డ్యూటీనుంచి అప్పుడే వచ్చి, తడిసిన పాదాలు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. నన్ను కూర్చోమనలేదు. మా సంఘంలో టీచరును కూర్చోమనకపోవడం చిన్న విషయం కాదు.

"బిడ్డ మంచిగనే చదువుతుండె టీచరమ్మా. మీరే 'ఏ' ఇచ్చిండ్రు. సంఘంల అందరు నా బిడ్డ చదువు చూసి నన్ను ముంగట కూసోబెడుతుండిరి. ఇప్పుడేమో దానికి అక్షరాలే రావంటరు. ఏది నిజం?"

"ఇదే నిజం యేసుదాసన్నా. తప్పు నాది. బిడ్డది గాదు."

"తప్పు మీదైతె ఏడిచేది నా బిడ్డనా? ఇగ చాలు. మా మరదలి దగ్గరికి పోతది. బత్తీలకు అక్షరాలు అక్కర లేదు."

"పరీక్ష దాక ఆగు అన్నా. వస్తది దానికి."

"మీ మాట ఇంక నేనెట్ల నమ్మాలె?"

కటువుగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. నేను కింద కూర్చున్నాను, మల్లెల పక్కన.

"నన్ను నమ్మకు. బిడ్డ చదువుతున్నదా లేదా నువ్వే చూడు."

గోడకు ఆనుకుని సుందరి వింటోంది. యేసుదాసు చాలాసేపు కాళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు, అవి ఎప్పుడో ఆరిపోయాయి. "ఈస్టరు దాక చూస్త," అన్నాడు. "అంతే."

ఆ నెలల్లో నాకు ఒక దుఃఖం ఉండేది, ఎవరికీ చెప్పలేదు. సుందరి ఆ పాత గొంతుతో చదవడం మానేసింది. నది, పడవ, పడవవాడి కేక అన్నీ వెళ్ళిపోయాయి. వాటి చోట ఒక తడబడే గొంతు వచ్చింది, ఎత్తుగడ్డ ఎక్కుతున్న బండి గొంతు. కొన్ని మధ్యాహ్నాలు ఎండ అలాగే పడుతుంటే, పావురాలు అలాగే గుటగుటలాడుతుంటే, ఒక్క పాదం అందిస్తే చాలు, ఆ సంగీతమంతా తిరిగి వచ్చేస్తుందని నాకు తెలుసు. నోటిదాకా వచ్చేది. పెదవి కొరుక్కుని కూర్చునేదాన్ని. నా ప్రార్థన కూడా ఆ రోజుల్లో మారింది. కళ్ళు ఇవ్వమని అడగడం మానేసి, నోరు మూసుకునే శక్తి ఇవ్వమని అడిగాను.

మీకొక మాట

కొత్త పద్ధతి వచ్చినప్పుడు పెద్దలు దాన్ని తిడతారు, చిన్నవాళ్ళు దాన్ని నింపుతారు. రెండూ సులభం. మా కార్డు మూర్ఖమైనది కాదు. ఒక్కొక్క పిల్లను విడిగా పిలిచి విను అన్నది. ఆ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. కానీ వినడానికి గంటలు ఇవ్వకుండా, విన్నట్టు సంతకం మాత్రం అడిగింది. అలా అడిగితే మంచివాళ్ళు కూడా అబద్ధమాడతారు, తాము ఆడుతున్నామని కూడా తెలియకుండా. మీకు ఎన్ని గళ్ళు ఇచ్చినా సరే, కనీసం ఒక్క పిల్ల దగ్గర పెన్ను కింద పెట్టి, కళ్ళు ఎటు కదులుతున్నాయో చూడండి. రోజుకు ఒక్క పిల్ల. అలసిపోయినప్పుడు మీ తోటి టీచరు బల్ల దగ్గరకు వెళ్ళి సగం కట్ట తీసుకోండి. నాకు తెలిసిన మందు ఇంతకంటే లేదు.

డిపో కాగితం

ఈస్టరుకు ముందు శనివారం. ఒంటిపూట బడి అయిపోయి అందరూ వెళ్ళిపోయారు. సుందరి, నేను, కిటికీ కార్డు. యేసుదాసు ఖాకీ బట్టల్లోనే గుమ్మంలోకి వచ్చాడు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు.

"డిపోల మాకందరికి ఇచ్చిండ్రు. నేను ఎవ్వరికి చూపియ్యలే. దీంట్ల ఏమున్నదో నాకు తెల్వదు, మీకు తెల్వదు." బల్ల మీద పరిచి, నా వైపు చూడకుండా అన్నాడు: "చదువు బిడ్డా."

సైక్లోస్టైల్ చేసిన కాగితం. సిరా అక్కడక్కడ అలుక్కుపోయి ఉంది. నేను కుర్చీ వెనక్కి జరుపుకుని, కాగితం కనిపించనంత దూరం వెళ్ళి కూర్చున్నాను.

సుందరి వేలు పెట్టింది. మొదటి మాట దగ్గరే చాలాసేపు ఆగింది. తర్వాత చదివింది. ఒక మాట, ఆగడం. ఇంకో మాట. ఒకచోట తప్పు చదివి, వేలు వెనక్కి తెచ్చి, దిద్దుకుని చదివింది. దిద్దుకున్నప్పుడు నేను గోడవైపు తిరిగాను. చూడనిదాన్ని ఎవరూ దిద్దుకోలేరు. కాగితంలో ఉన్నది ఇదీ: సోమవారం నుంచి బస్సులు కడిగేవాళ్ళు తెల్లవారుజామున అయిదు గంటలకు డ్యూటీకి రావాలి. ఆలస్యంగా వచ్చినవాళ్ళను లోపలికి రానివ్వరు. అయిదే అయిదు పంక్తులు. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు.

యేసుదాసు నా వైపు కాగితం జరిపాడు. చదివి, తల ఊపాను.

అతను కాగితాన్ని మళ్ళీ అవే మడతల్లో మడిచాడు. కుర్చీ వెనక పట్టీ పట్టుకుని నిలబడ్డాడు.

"సోమారం నుంచి నేను అయిదు గంటలకే పోతె," అన్నాడు కూతురితో, కొంచెం చిరాకుగా, "నిన్ను బడికాడ ఎవరు దింపాలె?"

"నేనే పోత బాపూ," అంది సుందరి.

కార్డు తీసి, ఆ టర్ము గడిలో సి వేశాను. కింద సంతకం చేశాను.

"గల్లీ మూలకాడ కుక్కలుంటయి," అన్నాడు అతను. "మీ అమ్మను తోలుకపో."

ఇద్దరూ వరండా దాటి ఎండలోకి దిగారు.